చెరువు అడుగు మట్టిలో పాత వానలను చదవడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం వైపు పనిచేసేవారికి ఒక పనిక్రమం

నీరు నిలిచిన ప్రతి పల్లపు చోటా ఏటా ఒక పలుచని మట్టి పొర అడుగున చేరుతుంది. ఆ పొరతో పాటు ఆ ఏడు చుట్టూ పూసిన చెట్ల పుప్పొడి, నీటిలో బతికిన డయాటమ్‌లనే ఏకకణ శైవలాల గాజు పెంకులు, కొండ మీద కాలిన పోడు బొగ్గు నలుసులు కూడా దిగి కూర్చుంటాయి. పుప్పొడి రేణువు పైపొర స్పోరోపొలెనిన్ అనే పదార్థంతో తయారవుతుంది. గాలి తగలని బురదలో అది వేల ఏళ్లు చెడదు. డయాటమ్ పెంకు సిలికా కాబట్టి అదీ నిలుస్తుంది. ఈ రెండింటినీ వరుసగా లెక్కిస్తే వానలు ఎప్పుడు సమృద్ధిగా పడ్డాయో, అడవి ఎప్పుడు పలచబడిందో, సముద్రపు ఉప్పునీరు ఎప్పుడు లోపలికి వచ్చిందో తెలుసుకోవచ్చు. అయితే ఇదంతా పొరల వరుస చెడకుండా ఉన్నప్పుడే సాధ్యం. సూక్ష్మదర్శిని ముందు ఎంత శ్రద్ధగా కూర్చున్నా, కలగాపులగమైన మట్టి నుంచి వచ్చేది కలగాపులగమైన కథే. అందుకే ఈ క్రమంలో ప్రతి మెట్టు దగ్గరా మీరు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఈ మట్టి పడిన వరుసలోనే ఉందా?

మొదటి పని: చోటును ఎంచుకోవడం

ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే. మన ప్రాంతంలో లోతైన సహజ సరస్సులు లేవు. ఉన్నవి సోంపేట వైపు బీలలనే చిత్తడి పల్లాలు, నౌపడ, సంతబొమ్మాళి వైపు తంపరలనే తీరపు నీటి పల్లాలు, నదీ ముఖాల దగ్గరి ఉప్పునీటి కయ్యలు, ఊరూరా మనిషి కట్టిన చెరువులు. వీటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క రకం చరిత్రను దాచుకుంటుంది. ఊరి చెరువు అడుగు మట్టి వయసు, సాధారణంగా ఆ చెరువు గట్టు కట్టిన వయసును మించదు. కాబట్టి రెండు మూడు శతాబ్దాల కథ కావాలంటే చెరువు, వేల ఏళ్ల కథ కావాలంటే బీల లేదా తంపర చూసుకోవాలి. తీరాన్ని ఆనుకున్న పల్లాల విషయంలో మరొక సంగతి గుర్తుంచుకోవాలి. సముద్రమట్టం సుమారు 7,000 ఏళ్ల క్రితం నాటికి దాదాపు ఇప్పటి స్థాయికి చేరింది. అందువల్ల అంతకు ముందరి మట్టి అక్కడ దొరికినా, అది ఇప్పటి తంపరకు చెందిన మట్టి కాకపోవచ్చు.

చెరువును ఎంచుకునే ముందు ఊళ్లోని పెద్దలతో కూర్చోండి. పూడిక తీసి పొలాలకు తోలుకోవడం మన వైపు తరతరాల అలవాటు, పొలానికి అది మంచిదే కూడా. కానీ మన పనికి అది పుస్తకం మధ్యలో పేజీలు చింపేసినట్లే. నేను విద్యార్థులతో కలిసి మొదటిసారి మట్టి తీసిన చెరువు మధ్యభాగం చూడటానికి చక్కగా, ఎవరూ ముట్టుకోనట్లు కనిపించింది. రెండు రోజులు కష్టపడి మట్టి తీసి గట్టెక్కాక, అక్కడ గేదెలు కాస్తున్న ఒక పెద్దాయన, "మధ్యలో మట్టంతా మా నాన్న కాలంలోనే తవ్వి బళ్లతో తోలీసినారు బాబూ, మదుం పక్కన మాత్రం ఎవరూ దిగనేదు" అన్నారు (మదుం అంటే చెరువు తూము). ఆ మాట ముందే అడిగి ఉండవలసింది. అప్పటి నుంచి ఏ చెరువు దగ్గరికి వెళ్లినా మా మొదటి రోజు గట్టు మీద కబుర్లతోనే గడుస్తోంది. మట్టి ఎప్పుడు తీశారు, గట్టు ఎప్పుడు తెగింది, ఏ గెడ్డ (వాగు) నీరు ఇందులోకి వస్తుంది, ఏ ఏడు పూర్తిగా ఎండిపోయింది అని నాలుగు ప్రశ్నలు నలుగురిని వేరువేరుగా అడిగి, జవాబులను తేదీతో సహా రాసుకోండి.

పూర్తిగా ఎండిపోయిన ఏళ్ల సంగతి ఎందుకంటే, ఎండిన రేగడి బీటలు వారినప్పుడు పై మట్టి కింది పొరల్లోకి జారిపోతుంది. గాలి తగిలిన పుప్పొడి కూడా క్షీణిస్తుంది. అలాంటి చోట పుప్పొడి మీద ఆశ పెట్టుకోకుండా ఫైటోలిత్‌లను, అంటే గడ్డిజాతి మొక్కల ఆకుల్లో, పొట్టులో ఏర్పడే సిలికా కణాలను నమ్ముకోవడం మంచిది. వరి పొట్టు, వరి ఆకు ఇచ్చే ఫైటోలిత్‌ల ఆకారం ప్రత్యేకంగా ఉంటుంది కాబట్టి మన వరి పల్లాల్లో అవి మరీ ఉపయోగపడతాయి. వీలైతే మాత్రం నడి వేసవిలోనూ తడి ఆరని చోటునే ఎంచుకోండి.

తేలినీలాపురం వంటి పక్షుల విడిది దగ్గర, అటవీ శాఖ పరిధిలోని నీటి పల్లాలలో అనుమతి లేకుండా గొట్టం దించకూడదు. గూళ్లు కట్టే కాలంలో అనుమతి ఉన్నా వెళ్లకూడదని నా అభిప్రాయం. పంచాయతీ చెరువైతే పంచాయతీకి, చేపల గుత్త ఉంటే గుత్తదారుకు ముందే చెప్పి, ఏం చేయబోతున్నారో వారి ఎదుటే వివరించండి.

రెండవ పని: మట్టి కడ్డీని తీయడం

గొట్టం దించి, పొరల వరుస చెడకుండా నిలువుగా తీసిన మట్టినే ఇక్కడ కడ్డీ అంటున్నాను. నీరు తక్కువగా ఉండే ఏప్రిల్, మే నెలలు అనుకూలం. రెండు నాటుపడవలను పక్కపక్కన కట్టి పైన చెక్కలు పరిస్తే నిలకడైన వేదిక అవుతుంది. మెత్తటి బురదకు ఆరేడు సెంటీమీటర్ల వ్యాసం, రెండు మీటర్ల పొడవు ఉన్న పీవీసీ గొట్టం సరిపోతుంది. దాని కింది అంచును లోపలి వైపు కాక బయటి వైపు నుంచి ఏటవాలుగా చెక్కి పదును చేయాలి. గొట్టం లోపల పిస్టన్ ఉంటే బురద జారిపోకుండా పట్టు దొరుకుతుంది. పీచు, వేళ్లు ఎక్కువగా ఉన్న బీలలో రష్యన్ కోరర్ అనే అర్ధచంద్రాకారపు పరికరం నయం, ఎందుకంటే అది మట్టిని నొక్కకుండా పక్క నుంచి కోసి తీస్తుంది.

గొట్టం దించేటప్పుడు మట్టి కుదించుకుపోతుంది. గొట్టం లోపల మట్టి ఉపరితలం ఎంత లోతున ఉందో, బయట ఎంత లోతున ఉందో కొలిచి రెండూ రాసుకోండి. ఈ తేడా రాసుకోకపోతే తరువాత లోతుల లెక్క మొత్తం తప్పుతుంది. ఒక్క కడ్డీతో సరిపెట్టకండి. అర మీటరు దూరంలో, అర మీటరు లోతు తేడాతో రెండవ కడ్డీ తీస్తే మొదటి దానిలో అతుకుల దగ్గర పోయిన పొరలు రెండవ దానిలో దొరుకుతాయి. ప్రతి గొట్టం మీద పై కొస ఏదో కింది కొస ఏదో చెరగని సిరాతో, బురద చేతులు కడుక్కునే ముందే రాయండి. కొసలు మూసి, ఎండ తగలకుండా నిలువుగా తీసుకువచ్చి, నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గర చీకట్లో ఉంచాలి.

అదే రోజు చేయవలసిన మరొక పనిని చాలామంది వాయిదా వేసి పశ్చాత్తాపపడతారు. చుట్టుపక్కల చెట్ల పూలను, వాటి పేరు ఖాయం చేసుకుని, విడివిడి కాగితపు పొట్లాల్లో సేకరించాలి. అడవిలో, జీడితోటలో, సరుగుడు తోపులో, వరి మడిలో, కొండ దిగువన నేల పైపొర మట్టిని, నాచును చెంచాడు చొప్పున తీసుకోవాలి. ఈనాటి మొక్కలకూ ఈనాటి పుప్పొడికీ ఉన్న సంబంధం తెలియకుండా పాత పుప్పొడికి అర్థం చెప్పలేం. గడ్డి గాలికి పుప్పొడిని విరివిగా వదులుతుంది కాబట్టి దాని రేణువులు ఎక్కడైనా కనిపిస్తాయి. గోగు పుప్పొడి వంద మైక్రాన్లు దాటిన ముళ్ల బంతి వంటిది. పురుగుల మీద ఆధారపడే మొక్క కాబట్టి గోగునార పొలం పక్కనే ఉన్న చెరువులో కూడా అది అరుదుగానే కనిపిస్తుంది. ఇక సాల వృక్షం, అంటే మన గుగ్గిలం చెట్టు, తూర్పు కనుమల్లో దక్షిణంగా విస్తరించిన హద్దు మన ఉత్తరాంధ్ర కొండల్లోనే ఉంది. హద్దులో బతికే చెట్టు తేమ మార్పును ముందుగా చూపే అవకాశం ఉంది కాబట్టి, మన పనిలో దాని పుప్పొడిని ప్రత్యేకంగా వెతకడం సమంజసం.

మూడవ పని: కడ్డీని తెరిచి చూడటం

గొట్టాన్ని నిలువుగా రెండు సగాలుగా కోయండి. ఒక సగాన్ని ముట్టుకోకుండా భద్రపరచండి. రెండవ సగం ఉపరితలాన్ని అడ్డంగా, ఎప్పుడూ నిలువుగా కాకుండా, చాకుతో గీకి శుభ్రం చేయాలి. నిలువుగా గీకితే పై పొర మట్టిని మీరే కిందికి పూసినవారవుతారు. రంగు గాలి తగలగానే మారిపోతుంది కాబట్టి వెంటనే ఫొటో తీసి, మన్సెల్ రంగుల పట్టికతో పోల్చి రాసుకోండి. ఇసుక చారలు, గవ్వల ముక్కలు, వేళ్ల జాడలు, ఒక్కసారిగా మారిన హద్దులు అన్నీ లోతుతో సహా నమోదు కావాలి. గట్టి, పదునైన హద్దు కనిపిస్తే అక్కడ కొంత మట్టి కొట్టుకుపోయి ఉండవచ్చు, లేదా పూడిక తీసి ఉండవచ్చు.

తరువాత సెంటీమీటరుకొక ముక్క కోసి, గొట్టం గోడకు తగిలిన అంచును తీసివేసి, సంచుల్లో పెట్టుకోవాలి. ప్రతి ముక్క నుంచి కొంత మట్టిని 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచి, 550 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు కాల్చి మళ్లీ తూస్తే తగ్గిన బరువు సేంద్రియ పదార్థాన్ని సూచిస్తుంది. అయితే ఒక హెచ్చరిక. మన కొండల ఖోండలైట్ రాయి శిథిలమై కేయోలిన్ బంకమట్టి అవుతుంది. ఆ బంకమట్టి ఈ వేడిలో తనలో బంధించుకున్న నీటిని కూడా వదులుతుంది. కాబట్టి బంక ఎక్కువగా ఉన్న పొరలో ఈ అంకెను ఉన్నదున్నట్లు నమ్మకూడదు.

నాలుగవ పని: వయసు కట్టడం

డబ్బు ఎక్కువగా ఖర్చయ్యేది దీనికే. ఖర్చు తగ్గించుకోవాలంటే వేరే చోట తగ్గించుకోండి, ఇక్కడ మాత్రం వద్దు. పై అర మీటరుకు సీసం-210 అనే రేడియోధార్మిక సీసం వాడతారు. దాని అర్ధాయువు 22.3 ఏళ్లు కాబట్టి అది గత వంద, నూట యాభై ఏళ్ల వరకే పనికివస్తుంది. దానికి తోడుగా సీజియం-137 కొలిస్తే, అణుపరీక్షల ధూళి అత్యధికంగా రాలిన 1963 నాటి పొర ఒక శిఖరంలా కనిపించాలి. ఉష్ణమండలంలో ఆ ధూళి తక్కువగా రాలింది కాబట్టి మన దగ్గర ఆ శిఖరం చిన్నదిగా, అస్పష్టంగా ఉన్నా ఆశ్చర్యపోకండి.

అంతకంటే పాత పొరలకు కార్బన్-14 కావాలి. దాని అర్ధాయువు 5,730 ఏళ్లు. దాదాపు 50,000 ఏళ్ల వరకు దానితో లెక్క కట్టవచ్చు. ప్రయోగశాలకు ఏం పంపుతారన్నది ముఖ్యం. మొత్తం మట్టిని పంపితే, కొండ వాలు నుంచి గెడ్డలో కొట్టుకువచ్చిన పాత నేల కార్బన్ కూడా అందులో కలిసి, వయసు ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. సున్నపురాయి ఉన్న చోట నీటి మొక్కలు కూడా పాత కార్బన్‌నే తీసుకుంటాయి. కాబట్టి మట్టిని జల్లెడ పట్టి, నేల మీద పెరిగిన మొక్క విత్తనాన్ని, ఆకు ముక్కను, పుల్లను ఏరి పంపండి. అవి కొద్ది మిల్లీగ్రాములున్నా, కార్బన్-14 పరమాణువులను నేరుగా లెక్కించే యాక్సిలరేటర్ పద్ధతికి సరిపోతాయి. మన దేశంలో లక్నోలోని బీర్బల్ సాహ్ని పురావిజ్ఞాన సంస్థ ఈ రంగానికి పాత కేంద్రం. అది 1946లో మొదలైంది. ఢిల్లీలోని అంతర విశ్వవిద్యాలయ యాక్సిలరేటర్ కేంద్రంలోనూ, అహ్మదాబాదులోని భౌతిక పరిశోధన ప్రయోగశాలలోనూ కార్బన్ వయసు కట్టే వసతి ఉంది.

వచ్చిన అంకెను ఇంట్‌కాల్-20 వక్రరేఖతో క్యాలెండరు ఏళ్లుగా మార్చాలి. ఇందులో ‘ఇప్పటికి ఇన్నేళ్ల క్రితం’ అంటే 1950కి ముందు అని లెక్క. మీటరున్నర కడ్డీకి కనీసం ఐదారు వయసులైనా లేకుండా ‘ఈ శతాబ్దంలో కరువు వచ్చింది’ వంటి మాట రాయకండి. కింది పొర కంటే పై పొర వయసు ఎక్కువగా వస్తే, దాన్ని పక్కన పెట్టి మిగతావాటితో గీత గీసేయడం అందరికీ కలిగే ప్రలోభం. ముందు అది ఎందుకు వచ్చిందో కనుక్కోండి. చాలాసార్లు ఆ తలకిందుల వయసే పూడిక తీసిన సంగతిని, లేక గట్టు తెగి మట్టి కొట్టుకువచ్చిన సంగతిని పట్టిస్తుంది.

మన ప్రాంతంలో పొరల వయసును సరిచూసుకోవడానికి మొక్కలు కూడా సాయపడతాయి. జీడి, మొక్కజొన్న రెండూ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసుల రాక తరువాత మన దేశానికి వచ్చినవి. సరుగుడు తోటలు, సర్కారు తుమ్మ 19వ శతాబ్దంలోనూ ఆ తరువాతా వ్యాపించినవి. ఉద్దానం వైపు తీసిన కడ్డీలో వెయ్యేళ్ల నాటిదని మీరు అనుకుంటున్న పొరలో జీడి పుప్పొడి కనిపిస్తే తప్పు పుప్పొడిది కాదు, మీ వయసు లెక్కది, లేక ఆ పొరలోకి పై మట్టి జారింది.

ఐదవ పని: పుప్పొడిని, డయాటమ్‌లను వేరుచేయడం

పుప్పొడి కోసం ఒక ఘన సెంటీమీటరు మట్టి చాలు. మొదటే అందులో లైకోపోడియం అనే మొక్క బీజాల బిళ్లలు, తరువాత లెక్కకు కొలబద్దగా ఉండేందుకు, వేయాలి. ఒక్కో బిళ్లలో ఎన్ని బీజాలున్నాయో డబ్బా మీద రాసి ఉంటుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో బిళ్ల, మట్టిలోని సున్నం రెండూ కరుగుతాయి. తరువాత పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కొన్ని నిమిషాలు వేడిచేస్తే కుళ్లిన పదార్థం పోతుంది. 125 మైక్రాన్ల జల్లెడతో ముతక చెత్తను, పది మైక్రాన్ల లోపు జల్లెడతో బంకమట్టిని వదిలించుకోవాలి. మిగిలిన ఇసుకను పాత పద్ధతిలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కరిగిస్తారు. ఈ ఆమ్లం చర్మం మీద పడినప్పుడు వెంటనే నొప్పి తెలియకపోవచ్చు, లోపల ఎముకను కూడా తింటుంది. విషవాయువులను బయటికి లాగే సరైన గాలి గూడు, కాల్షియం గ్లూకోనేట్ లేపనం, పక్కన అనుభవం ఉన్న మరొక మనిషి లేని కళాశాల ప్రయోగశాలలో దాని సీసా మూత తీయవద్దని ఖచ్చితంగా చెబుతాను. దానికి బదులు సోడియం పాలీటంగ్‌స్టేట్ అనే బరువు ద్రవంలో పుప్పొడిని తేల్చి తీయవచ్చు. ఖరీదు ఎక్కువే, కానీ వడకట్టి మళ్లీ వాడుకోవచ్చు. చివరగా తొమ్మిది పాళ్ల అసిటిక్ అన్‌హైడ్రైడ్‌కు ఒక పాలు సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి కొద్ది నిమిషాలు వేడిచేస్తే రేణువు లోపలి జీవపదార్థం పోయి పైపొర నగిషీ స్పష్టంగా కనిపిస్తుంది. ఈ మిశ్రమం నీటితో కలిస్తే ఉగ్రంగా పొంగుతుంది కాబట్టి, దానికి ముందూ తరువాతా గాఢ అసిటిక్ ఆమ్లంతోనే కడగాలి.

డయాటమ్‌లకు వేరే మట్టి తీసుకోవాలి, ఎందుకంటే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాటి పెంకులనూ కరిగించేస్తుంది. ముప్పై శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో మెల్లగా వేడిచేసి, పలుమార్లు కడిగి, నాఫ్రాక్స్ వంటి జిగురులో స్లైడు చేస్తే సరిపోతుంది.

ఆరవ పని: లెక్కించడం

పుప్పొడిని 400 రెట్లు, డయాటమ్‌లను నూనె కటకంతో 1,000 రెట్లు పెద్దవి చేసి చూడాలి. ప్రతి పొరకు కనీసం 300 రేణువులు లెక్కించండి. స్లైడు ఒక మూల మాత్రమే చూడకుండా అంచు నుంచి అంచుకు వరుసలుగా సాగండి, ఎందుకంటే చిన్న రేణువులు అంచులకు కొట్టుకుపోతుంటాయి. పేరు పోల్చలేని రేణువుకు ఊహించి పేరు పెట్టకండి. ‘తెలియనిది ఒకటి, మూడు గాడులు, ముప్పై మైక్రాన్లు’ అని బొమ్మ గీసి ఉంచండి. మీరు సేకరించిన పూల స్లైడులు పక్కన ఉంటే అందులో సగం తరువాత తేలిపోతాయి.

పుప్పొడిని శాతాల పటాలుగా గీసి గతాన్ని చదివే పద్ధతిని స్వీడన్ శాస్త్రవేత్త లెనార్ట్ వాన్ పోస్ట్ 1916లో ఓస్లోలో ప్రకటించాడు. శాతాలలో ఒక చిక్కుంది. గడ్డి శాతం పెరిగిందంటే గడ్డి పెరిగినట్లు కాకపోవచ్చు, చెట్లు తగ్గినా అంతే కనిపిస్తుంది. లైకోపోడియం బిళ్ల ఉపయోగం ఇక్కడే. మీరు ఒక ఘన సెంటీమీటరు మట్టికి 20,000 బీజాలు కలిపారనుకుందాం. 300 పుప్పొడి రేణువులు లెక్కించేసరికి 150 లైకోపోడియం బీజాలు కనిపించాయి. అంటే ఆ మట్టిలో ఘన సెంటీమీటరుకు 40,000 పుప్పొడి రేణువులున్నట్లు. ఆ మట్టి ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున చేరిందని వయసుల వల్ల తెలిస్తే, చదరపు సెంటీమీటరు మీద ఏటా 4,000 రేణువులు రాలినట్లు. ఈ అంకెను ఒక్కో మొక్కకు విడిగా కడితే నిజంగా ఏది పెరిగిందో, ఏది తగ్గిందో తేలుతుంది.

ఏడవ పని: వానను, మనిషిని వేరుచేసి చూడటం

వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ క్షేత్రం సుమారు రెండు వేల ఏళ్ల నాటిది. అదే నది ఒడ్డున ముఖలింగం తూర్పు గాంగుల కాలపు రాజధానీ నగరంగా ప్రసిద్ధి. ఇంత కాలంగా మనుషులు దట్టంగా బతికిన చోట చెట్లు తగ్గిన ప్రతిసారీ ‘వాన తగ్గింది’ అనడం పొరపాటు. పోడు కొట్టినప్పుడు చెట్ల పుప్పొడి తగ్గి, గడ్డి పెరిగి, బొగ్గు నలుసులు ఎక్కువై, గెడ్డలోకి ఇసుక దిగుతుంది. వాన తగ్గినప్పుడూ చెట్లు తగ్గి గడ్డి పెరుగుతుంది. కానీ అప్పుడు నీటి మట్టం కూడా పడిపోయి, తేలే డయాటమ్‌ల స్థానంలో అడుగున, మొక్కలకు అంటుకుని బతికేవి ఎక్కువ కావాలి. జమ్ము, తుంగ పుప్పొడి కూడా మధ్యలోకి జరిగి వస్తుంది. పుప్పొడి, డయాటమ్‌లు రెండూ ఒకే మాట చెప్పినప్పుడే వాన పేరు ఎత్తండి.

కార్బన్ ఐసోటోపులను, అంటే బరువులో తేడా ఉన్న కార్బన్ పరమాణువుల పాళ్లను, వాడేవారు మన దగ్గర మరింత జాగ్రత్తపడాలి. చెట్లు ఒక తీరు అంకెను, చోడి (రాగి), జొన్న, చెరకు, ఎండ ప్రాంతపు గడ్డి మరొక తీరు అంకెను ఇస్తాయి. కానీ వరి గడ్డిజాతి పంటే అయినా చెట్ల తీరు అంకెనే ఇస్తుంది. అడవి నరికి వరి మళ్లు చేసిన చోట ఐసోటోపు మాత్రమే చూస్తే అడవి అలాగే నిలిచి ఉన్నట్లు కనిపించవచ్చు.

తీరపు తంపరలో మధ్యలో ఒక పలుచని ఇసుక పొర, అందులో ఫొరామినిఫెరా అనే సముద్రపు సూక్ష్మజీవుల పెంకులు, పారాలియా వంటి సముద్రపు డయాటమ్‌లు కలిసి కనిపిస్తే, ఉప్పెన ఒకటి లోపలికి వచ్చిందని అనుమానించాలి. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను వంటి తెలిసిన సంఘటన, పై పొరల్లో ఎలాంటి గుర్తు వదిలిందో, అసలు వదిలిందో లేదో ముందు చూసుకుంటే, పాత పొరల్లోని గుర్తులను పోల్చడానికి ఒక కొలబద్ద దొరుకుతుంది.

తెలిసిన కరువులను మట్టిలో వెతకాలన్న ఆశ అందరికీ ఉంటుంది. 1866లో ఒరిస్సాను, అప్పటి గంజాం జిల్లాను కుదిపేసిన కరువు మన పెద్దల మాటల్లో మిగిలి ఉండవచ్చు. కానీ మట్టి ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున చేరే చోట, మీ ఒక సెంటీమీటరు ముక్క పదేళ్లను కలిపి చూపిస్తుంది. ఒక్క ఏడు కరువు అందులో కరిగిపోతుంది. ఇరవై, ముప్పై ఏళ్లు సాగిన వాన లేమి మాత్రం నిలుస్తుంది. మీ మట్టి ఎంత సన్నని కాలాన్ని చెప్పగలదో ఫలితాలు రాసే ముందే ఒక వాక్యంగా రాసి పెట్టుకోండి. ఆ హద్దు దాటి ఒక్క మాటా రాయకుండా అది మిమ్మల్ని ఆపుతుంది.

చివరగా మీ గీతను పొరుగు గీతలతో పోల్చండి. గోదావరి ముఖం ఎదురుగా బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన కడ్డీ, గత నాలుగు వేల ఏళ్లలో ఆ నదీ ప్రాంతం క్రమంగా పొడిబారిన సంగతిని చూపింది. భూకక్ష్య మార్పుల వల్ల వేసవి సూర్యరశ్మి తగ్గుతూ రావడంతో రుతుపవనాలు మెల్లగా బలహీనపడ్డాయన్నది దానికి చెప్పే ప్రధాన కారణం. మేఘాలయలోని మావ్‌మ్లూ గుహ రాతిలో 4,200 ఏళ్ల క్రితం కనిపించిన వానల మార్పు ఆధారంగానే 2018లో భూ చరిత్రలో మేఘాలయన్ కాలఖండాన్ని నిర్ణయించారు. మనకు ఉత్తరాన చిల్కా సరస్సు ఉంది. మీ బీల కథ వీటితో కలిసినా, కలవకపోయినా, ముందుగా మీ వయసుల పట్టికను మరొకసారి తెరిచి, ఆ లోతులో ఏరిన గింజ ఏదో, దాన్ని ఎవరు ఏరారో, ఆ ముక్క ఏ గొట్టంలో ఏ కొస నుంచి వచ్చిందో మీ నోటు పుస్తకంలో సరిచూసుకోండి.